వాచని చెయ్యి

“దీని చెయ్యి వాచలే. దీనికేం రోగం లేదు, గట్టి పిండం. సాంచల మీద దీన్నే నిలవెట్టు,” అంది మా అత్త గంగమ్మ తన కొడుకుతో, నెల కిందట. నేనప్పుడు ఆమె తిన్న కంచమే కడుగుతున్నాను.

మా ఆయన దత్తాత్రి అప్పటికి మూడు నెలలుగా దగ్గుతున్నాడు. దవాఖానా వాళ్ళు భవాని పేట్‌లో వరస గదుల మా చాళ్‌కు వచ్చి, టీబీ ఉందేమో చూడాలని ఇంటిల్లిపాది చేతులకూ సూది గుచ్చారు. రెండు రోజులాగి వచ్చి వాపు కొలిచారు. ఆయన చెయ్యి వాచింది, అత్త చెయ్యీ వాచింది. నాది నున్నగా ఉంది. ఆయన కఫంలో పురుగు కనబడిందని మందులిచ్చారు. ఆ రోజు నుంచి ఆయనకు రెండు గుడ్లు, గ్లాసెడు పాలు. ముసలి ప్రాణమని అత్తకొక గుడ్డు. నాకేమో ఆయన నడిపే రెండు సాంచలు, కరెంటు మగ్గాలు. వంట, దారం కండెలు చుట్టడం ఎట్లాగూ నావే. పొద్దున మెడికల్ కాలేజీలో ఎలుకల గది ఊడ్చే పని కూడా మానొద్దట.

కండె మార్చినప్పుడల్లా, మగ్గంలో దాన్ని అటూ ఇటూ మోసే నాడె కంటికి పెదవులు ఆనించి దారాన్ని నోటితో పీల్చి బయటికి లాగాలి. మా పేటలో అందరూ అట్లాగే లాగుతారు. ఆయన మూడు నెలలు దగ్గుతూ పీల్చిన నాడెలే అవి. నేను కొంగుతో తుడుస్తుంటే మంచం మీంచి నవ్వాడు. “మొగని ఎంగిలికి గూడ నఖ్రాలా?” ఎంగిలట! పన్నెండేళ్ళుగా నేను తింటున్నదేమిటి? ఆయన తిన్నాక, అత్త తిన్నాక, గిన్నె అడుగున మిగిలిన పప్పునీళ్ళు, సగం రొట్టె. నన్ను తినొద్దని ఎవరూ అనలేదు. మిగిలేది కాదు, అంతే.

ఎలుకల గదిలో డాక్టరమ్మ రెండు వరసల పంజరాలు పెట్టింది. అన్ని చిట్టెలుకలకూ ఒకటే టీబీ పురుగు ఎక్కించింది. పై వరసకు కడుపునిండా తిండి, కింది వరసకు సగం. ఆ సగం తూచి వేసేది నేనే. మొన్న వాటి పాదాలకు మాకు గుచ్చినట్టే గుచ్చి, ఇవాళ కొలిచింది. పైవాటి పాదాలు వాచాయి. కిందివాటికి ఏమీ లేదు. నాకు సంతోషమై, కిందివాటికి రోగం అంటలేదు కదా బాయీ అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. వాటికీ రోగం ఉందట. వాపంటే ఒళ్ళు రోగం మీద తిరగబడడమట. సగం తిండి ఒంటికి ఆ సత్తువ ఉండదట. ముందు చచ్చేవి అవేనని రాసుకుంటూ చెప్పింది. అప్పటికే మూడు చచ్చాయి. తోక పట్టి బయటికి తీసింది నేనే.

నా చెయ్యి చాపి చూపించాను. నెల కిందటి సంగతి చెప్పాను. ఆమె రాయడం ఆపి, నా భుజాల మీద పొడుచుకొచ్చిన ఎముకల వంక చూసి, రేపు పొద్దున్నే నీ కఫం పట్టుకురా అంది.

ఇంటిదారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు, కడుపు మండింది. ఎలుకకు తిండి తగ్గిస్తే తగ్గించామని కాగితం మీద రాస్తారు. నాకు తగ్గించి సంసారం అన్నారు. గట్టి పిండమట, నోళ్ళు పడిపోను!

ఇంటికొచ్చి రొట్టెలు చేశాను. మూడు గుడ్లు ఉడకబెట్టి, ఆయనకొకటి ఉంచి, రెండు నా కంచంలో వేసుకుని పొయ్యి పక్కనే కూర్చున్నాను.

అత్త గుమ్మంలో ఆగిపోయింది. “మొగోడు తినకముందే తింటున్నవా? రోగం లేనిదానికి గుడ్లెందుకే?”

“తిన్నది సాలు, లే. సాంచలు బంద్ ఉన్నయ్,” అన్నాడాయన మంచం మీంచే.

నేను రెండో గుడ్డు పెంకు తీశాను.

“ఉండనియ్యి. నా చెయ్యి వాచేదాక తింట.”