పులి ఏడాది

లారీలో అందరం నిలబడే వచ్చాం. నా కూతురు కనిత దారంతా నా చెయ్యి వదల్లేదు. దానికి పద్నాలుగేళ్ళు. బట్టల ఫ్యాక్టరీ లెక్కలో మాత్రం పంతొమ్మిది, ఎందుకంటే మా అక్క కూతురు మొలికా గుర్తింపు కార్డు చూపించి చేర్పించాను. కనిత వాళ్ళ నాన్న కట్టడం పనిలో కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాక, ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించింది నేనే. మాస్టారు ఇంటికొచ్చి బతిమాలితే, "నేను చదువుకునే కుడుతున్నానా?" అని దులిపేశాను.

గేటు దగ్గరే కబురు తెలిసింది. తనిఖీకి ఎవరో ఆవిడ వస్తోందట. దొరికితే ఇద్దరి పనీ ఊడుతుంది, ఇంట్లో పొయ్యి వెలగదు.

"ఏంటే మొలికా, ముఖం అలా పాలిపోయింది?" అంది కనితతో, మా లైను మీద అజమాయిషీ చేసే ఫల్లీ. దానికి అంతా తెలుసు. "పుట్టిన తేదీ వచ్చుగా? తడబడ్డావో, నీతోపాటు నేనూ వీధిన పడతా."

"వచ్చక్కా," అని కనిత గడగడా అప్పజెప్పింది.

తనిఖీ ఆవిడ మా దేశం మనిషే, మెత్తటి మాట. పిల్లల దగ్గర ఆగుతోంది గానీ తేదీ అడగడం లేదు. "ఏ జంతువు ఏడాదిలో పుట్టావు చెల్లీ?" అంటోంది.

నా బుద్ధి మండా! తేదీ నేర్పాను గానీ జంతువు సంగతే మరిచాను. మా దగ్గర ఏడాదికో జంతువు పేరు, పన్నెండు జంతువులూ వరసగా తిరిగొస్తుంటాయి. పుట్టిన తేదీ తెలియని ముసలమ్మ కూడా తన జంతువు పేరు ఠక్కున చెబుతుంది. మొలికాది కోడి. నా పిల్లది పులి. మా ఇద్దరి మధ్యా రెండు మిషన్లు. అరవలేను, లేవలేను. కుట్టు వంకరపోయింది.

ఆవిడ కనిత ముందు ఆగి అడిగింది. కనిత పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి.

"కోడి," అంది.

ఆవిడ తలూపి ముందుకెళ్ళింది. కనిత దారం కోసమన్నట్టు నా మిషను దగ్గరికొచ్చి, వంగి గుసగుసలాడింది.

"పంతొమ్మిదిలో పద్నాలుగు పోతే ఐదు కదమ్మా! పులి నుంచి వెనక్కి లెక్కపెట్టా. ఎద్దు, ఎలుక, పంది, కుక్క, కోడి!"

ముఖం వెలిగిపోతోంది దానికి. నాకు భయం తగ్గాలి కదా? తగ్గకపోగా ఇంకా పెద్దది పట్టుకుంది. ఇంత చురుకైన బుర్ర ఈ చొక్కా కాలర్ల మధ్యే అరిగిపోతుంది. ఈ పూట గట్టెక్కామంటే ఇక నేను దీన్ని బడికి పంపను. నా సంగతి నాకు తెలుసు.

మిషను ఆపి లేచాను.

"కూర్చోవే సారొమ్! పిచ్చెక్కిందా?" ఫల్లీ పళ్ళు కొరికింది.

"అమ్మా, ఆగండి," అన్నాను ఆవిడతో. కనితని చూపించాను. "దానిది కోడి కాదు, పులి. కన్నదాన్ని, నాకు తెలియదా?"