మెర్సీ పడవ బరువు

తెల్లారగానే లంక జనం మెర్సీ పడవెక్కి గోదావరి దాటుతారు. ఒడ్డు తగలగానే ఒక్కొక్కరూ మనసులో ఉన్నది పైకి చెప్పేసి మరీ దిగుతారు. "మా పెద్దాడు చదవట్లేదు." "కోడలు మాట్లాడ్డం మానేసింది." అనేసి చెప్పులు చేత్తో పట్టుకుని చక్కా పోతారు. చెప్పకుండా దిగితే ఆ బరువు పడవలోనే ఉండిపోతుంది. మెర్సీ తాత నడిపిన రోజుల నుంచీ ఆ పడవ తీరే అంత.

వరదొస్తే రేవు మూతపడుతుంది. అప్పుడు మండలాఫీసు వాళ్ళ వరద డ్యూటీయే ఆధారం. పడవని ట్రైలర్ మీద ఎక్కించుకుని పిలిచిన ఊరికల్లా పరుగెత్తాలి. కిందటేడు ఎనిమిదిమంది హైలెస్సా అంటూ లాగి ఎక్కించేసరికి ఆలస్యమై, ఇంకో పడవకి ఆ పని దక్కింది. ఈసారి కూడా పోతే పడవ అమ్ముకోవడమే. మెర్సీకి ఆ ఉద్దేశం బొత్తిగా లేదు.

పిడి తిప్పితే పడవని ట్రైలర్ మీదికి లాగే వించి కోసం, రాజమండ్రిలో జోగేశ్వరరావు గారి ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళింది.

"వించి ఎంత బరువు లాగాలమ్మా?" అన్నాడాయన.

"రోజుకో బరువు ఉంటదండి."

"అయితే బరువెక్కువ రోజుకే తీసుకోండి." పెద్దది తీసి చూపించాడు. "ఇనప తీగది వద్దు, చేతులు కోసుకుపోతాయి. ఈ నైలాను పట్టా ఉన్నదే మేలు. ట్రైలర్ మీద రబ్బరు రోలర్లు కూడా వేయించండి. పక్కలకి రెండు నిలువు గొట్టాలుంటే ఏటివాలుకి పడవ జరగదు."

మెర్సీ మొదట రోలర్లు ఎత్తుగా బిగించింది. పడవ ముక్కు గాల్లోకి లేచి, వెనకభాగం నీళ్ళలోనే ఉండిపోయింది. విప్పి, ఒక కన్నం కిందికి దింపి బిగిస్తే సాఫీగా ఎక్కింది.

"ఒక్కదానివే ఎక్కించేస్తావటే?" అన్నాడు ట్రాక్టర్ మీంచి మేనమామ ఏసుపాదం.

"చూస్తూ ఉండు మామయ్యా."

వరద డ్యూటీకి పడవ పనికొస్తుందో లేదో చూడ్డానికి డిప్యూటీ తాసీల్దారు పూజిత వచ్చింది. పడవలో అవతలి ఒడ్డుదాకా వెళ్ళొచ్చి దిగింది. అందరూ దణ్ణాలు పెట్టారు గానీ, అంత ఆఫీసరమ్మని, మనసులోది చెప్పి దిగమని ఎవరు అడుగుతారు? మర్యాద కొద్దీ నోరు మూసుకున్నారు.

మెర్సీ పట్టా తగిలించి వించి తిప్పింది. పిడి కదల్లేదు. ట్రాక్టర్ చక్రాలు బురదలో దిగబడ్డాయి.

"మనుషుల్ని పిలవనా?" అన్నాడు ఏసుపాదం. పిలిస్తే కిందటేడులాగే డ్యూటీ పోయినట్టే.

"వద్దు. నా బిగింపులో లోపం లేదు," అంది మెర్సీ. చేతులు తుడుచుకుని పూజిత దగ్గరికి వెళ్ళింది.

"మేడం గారూ, ఏమనుకోకండి. తమరు చెప్పకుండా దిగిపోయారండి."

పూజితదీ ఏటిగట్టు ఊరే, ఆ మాట అర్థమైంది. సిబ్బంది వంక ఓసారి చూసింది.

"నాకు నీళ్ళంటే చచ్చేంత భయమండి," అంది. "ఈ డ్యూటీ తప్పించుకోవాలని ట్రాన్స్‌ఫర్ కోసం తిరుగుతున్నా."

ఎవరూ నవ్వలేదు. "నాకూ భయమేనండి," అన్నాడు ఏసుపాదం ట్రాక్టర్ మీంచే.

మెర్సీ ఒంటిచేత్తో వించి తిప్పింది. పడవ గొట్టాల మధ్యగా, రోలర్ల మీదుగా వచ్చి బుద్ధిగా కూర్చుంది.

ఆగస్టులో ఎర్రనీళ్ళతో వరద వచ్చింది. మండలంలో ముందు కదిలింది మెర్సీ పడవే. ట్రాన్స్‌ఫర్ మాట మానేసిన పూజిత, లైఫ్ జాకెట్ తొడుక్కుని ముందు వరసలో కూర్చుంది. మునిగిన ఊరు చేరాక లేచి నిలబడింది.

"ఇవాళ భయం కొంచెమే ఉందండి," అని చెప్పి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది.