అరవై డిగ్రీలు

"ప్రసూనా, పిల్లలందరికీ టీ పెట్టు," అన్నాడు రవికుమార్.

ఆ పిల్లలు ప్రసూన విద్యార్థులు. ఖమ్మం ఇంజనీరింగ్ కాలేజీలో కెమికల్ మూడో సంవత్సరం, ముప్ఫైమంది. వాళ్లకి ఫుడ్ ప్రాసెసింగ్ చెబుతుంది ఆమె. మామిడి ఒరుగులు ఎండబెట్టడం కళ్లారా చూపిద్దామని వైరాలో భర్త నడిపే షెడ్డుకే తీసుకొచ్చింది. ఇంట్లో కాయ తరగడమే తప్ప ఏడాదిగా ఆమెకే ఇక్కడికి వచ్చే తీరిక దొరకలేదు. తీరా వస్తే మేడమ్‌ను పొయ్యి దగ్గరికి పంపుతున్నాడు ఈ మహానుభావుడు! రోజూ వినే మాటే. పిల్లల ముందు వింటే మాత్రం చెంపలు మండాయి. అయినా వెళ్లి గిన్నె పెట్టింది.

గోడ అవతల అతని గొంతు వినిపిస్తోంది. "అరవై డిగ్రీల వేడి, పది గంటలు. గిదంతా మా అమ్మ చేతి పద్ధతి, నా అనుభవం."

పంచదార డబ్బా చేతిలోనే ఉండిపోయింది. ఆ అరవై ఎక్కడిది? రెండు వేసవులు కాలేజీ నుంచి రాగానే వంట చేసి, అత్తగారు పద్మావతమ్మ కాళ్లకు నూనె రాసి, కిలోలకొద్దీ కాయ తరిగి, ముక్క ముక్కా తూచి తను తేల్చిన అంకె అది. "పాఠాలు చెప్పేదానివి, ఆ మాత్రం తెల్వకపోతే ఎట్ల?" అన్నది అత్తగారు. అదే మెప్పనుకుంది ప్రసూన. పోనీలే అనుకోవడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కప్పుల పళ్లెంతో వచ్చేసరికి హైమ అనే అమ్మాయి డ్రయ్యర్ ముందు నిలబడి ఉంది.

"మేడమ్, ఇక్కడ ఎనభై చూపిస్తుంది. వేడి ఎక్కువైతే పైన గట్టిపడి లోపల తడి ఉండిపోతదని మీరే చెప్పిండ్రు కదా?"

ప్రసూన పళ్లెం బల్ల మీద పెట్టి ఒక ముక్క విరిచింది. పైన చెక్కలా ఉంది, లోపల తడి. ప్యాకెట్‌లో వారానికే బూజు పడుతుంది. తిన్నవాళ్లు దవాఖానా పాలే.

"ఎనభై పెడితే ఐదు గంటల్ల అయిపోతది," నవ్వాడు రవికుమార్. "ఆర్డర్ జల్దీ పోవాలె."

బయట పినపాక దుకాణాలకు పెట్టెలు ఆటోలోకి ఎక్కుతున్నాయి.

"మరి అక్కడ మీ పేరుంది కదా మేడమ్!" హైమ గోడవైపు చూపించింది. లైసెన్స్ పక్కన బోర్డు: 'ఉత్పత్తి నాణ్యతకు బాధ్యులు: ప్రసూన, ఎం.టెక్.'

ప్రసూన దగ్గరికి వెళ్లి ఆ బోర్డు మళ్లీ చదివింది. పోయిన ఉగాది ముందు పెనం మీద దోసె ఉండగా, "జల్దీ సంతకం పెట్టు, కరెంటు మీటరు కాగితం," అన్నాడు రవికుమార్. తడి చేత్తోనే పెట్టింది. అది ఈ లైసెన్స్ కాగితమన్నమాట. ముప్ఫైమంది రికార్డులు అక్షరం వదలకుండా చదివి సంతకం చేసే మనిషి, మొగుడి కాగితం మాత్రం చదవలేదు! మెచ్చుకోలు వచ్చే చోట వాళ్లమ్మ చేయి. కేసు అయ్యే చోట తన పేరు. పదకొండేళ్లు కాపురం చేసింది ఈ మనిషితోనా?

"ఇంటి మనిషివి, నీ పేరు గాక ఎవరి పేరు రాస్తం?" అన్నాడు గొంతు తగ్గించి.

ప్రసూన పళ్లెం తీసి అతని చేతుల్లో పెట్టింది. "పిల్లలకు మీరివ్వండి."

బయటికి నడిచి ఆటో అతన్ని పిలిచింది. "లాలూ, పెట్టెలన్నీ దించు. ఒక్కటి కూడా పోవద్దు."

"ఏంది, పిచ్చా నీకు?" పళ్లెంతోనే పరుగెత్తుకొచ్చాడు రవికుమార్. "దించమని ఎవరు చెప్పిండ్రు?"

"ఆ బోర్డు మీద మీరు పేరు రాసిన మనిషి," అంది ప్రసూన.