ముందే చెప్పిన జబ్బు

మంచుకి ఆరని బట్టల్ని వంటింటి దండెం మీద వెయ్యడానికి బిందుమాధవి స్టూలెక్కబోతుంటే, గిన్నెలు తోముతున్న కనక తడిచేతులతోనే పరుగున వచ్చింది.

"దిగమ్మా, దిగు! నానేత్తాను. నీకు కళ్లు తిరుగుతాయంట కదా."

"నాకా? ఎవరన్నారు?"

"సారే సెప్పినారు. అమ్మని కనిపెట్టుకుని ఉండు, ఎక్కడైనా పడిపోద్ది అని."

బిందుమాధవికి ఎప్పుడూ కళ్లు తిరగలేదు. ఏదో జాగ్రత్తకి చెప్పుంటాడులే అని వదిలేసేదే. కానీ ఆ వారమే మందుల షాపతను "తల తిరుగుడు తగ్గిందా మేడం?" అని అడిగాడు.

ఆమె భర్త లక్ష్మీప్రసాద్ అరకులో లెక్చరర్. డిటెక్టివ్ నవలలు రాస్తాడని పేరు. శవాన్ని తెచ్చి పడెయ్యడం వరకే అతని పని. చిక్కుముడి వేసేదీ విప్పేదీ ఆమె. పోపు వేగుతుండగా వచ్చి "బిందూ, వీణ్ణెలా పట్టించాలి?" అనేవాడు. ఆమె గరిటె తిప్పుతూనే చెప్పేది. పుస్తకం అచ్చయ్యాక మిత్రులు పొగుడుతుంటే, కాఫీ తెమ్మని ఆమెకి సైగ చేస్తూ "టైపింగంతా మా ఆవిడే" అనేవాడు.

ఆ కథల్లో ఆమెకి నచ్చేది నిజాయితీ. ఆధారాలన్నీ పాఠకుడి కళ్లముందే ఉండాలి. హంతకుడు మొదటినుంచీ మన మధ్యే తిరుగుతుండాలి. ఎవరూ వినని విషం చివర్లో ఊడిపడకూడదు. కిందటి నవలలో అతను ఒకావిణ్ణి ఉన్నట్టుండి గుండె ఆగి చచ్చిపోయేలా రాస్తే ఆమే కొట్టేసింది. "జబ్బుంటే ముందే నలుగురి చెవినా వెయ్యాలండీ. అప్పుడే ఆ చావుని నమ్ముతారు" అంది. అతను బుద్ధిగా తలూపాడు.

దసరా సెలవుల్లో ఆమె మరోమాట అంది. "ఈసారి అట్ట మీద నా పేరూ ఉండాలి. లేకపోతే ఈ కథలు అల్లేదెవరో పబ్లిషరుకి నేనే ఫోన్ చేసి చెబుతాను." పెద్ద గొడవకే సిద్ధపడింది. అతను నవ్వి "అలాగే" అన్నాడు. ఆ తర్వాతే ఆమె జబ్బు ఊళ్లోకి బయల్దేరింది.

ఆదివారం మధ్యాహ్నం అతని తోటి లెక్చరర్ జగన్నాథరావు తన భార్యతో కలిసి కాఫీకి వచ్చాడు.

"రేపు బిందుని లోయ అంచుకి తీసుకెళుతున్నా" అన్నాడు లక్ష్మీప్రసాద్. "కొత్త నవల ముగింపు అక్కడే. చోటు చూడాలని ఒకటే గొడవ."

ఆమె ఎన్నడూ ఆ మాట అనలేదు.

"జాగ్రత్తమ్మా, అసలే నీకు కళ్లు తిరుగుతాయి" అంది జగన్నాథరావు భార్య.

"నా భయమూ అదేనండీ" అన్నాడతను.

వంటింట్లో డికాక్షన్ దిగుతుంటే బిందుమాధవి గట్టు పట్టుకుని నిలబడింది. నాదే పిచ్చి అనుమానమా? నవలలు చదివి మతిపోయిందంటారేమో. బహుశా ఆ మాట కూడా ఈపాటికి ఎవరితోనో అనే ఉంటాడు. ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడు! తను చెప్పిందంతా పాటించాడు. పాఠకుడికి అన్యాయం జరగకూడదని ఇన్నాళ్లూ తను పట్టుబట్టింది. మరి చచ్చిపోయే మనిషికి? ఆవిడకి ఏం తెలియాలో, ఎప్పుడు తెలియాలో ఏ నియమమూ చెప్పదు. ఆవిడ కథకి అవసరం, అంతే. ఇన్ని నవలల్లో ఇంతమంది ఆడవాళ్లని చంపించినప్పుడు ఆ సంగతి తనకైనా తోచలేదు.

కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టింది. కూర్చోలేదు.

"నాకు కళ్లు తిరగవండీ. ఎప్పుడూ తిరగలేదు. ఈయన అలా అని ఊరంతా చెప్పారు. లోయ చూస్తానని నేనెప్పుడూ అడగలేదు. మీ ఇద్దరూ వినాలనే చెబుతున్నాను."

లక్ష్మీప్రసాద్ నవ్వాడు. "చూశారా! కథలకీ బతుక్కీ తేడా తెలీడం లేదు దీనికి." ఎవరూ నవ్వలేదు. కనక వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అవునమ్మా, నాతోనూ అలాగే సెప్పినారు" అంది, సారు వైపు చూడకుండా.

బిందుమాధవి జగన్నాథరావు భార్య వైపు తిరిగింది. "నన్ను బస్టాండులో దింపుతారా? మా అక్కయ్య సాలూరులో ఉంటుంది."

"ఇప్పుడా?" అన్నాడు జగన్నాథరావు.

అతని భార్య అతన్నేమీ అడగలేదు. ముట్టని కప్పు పక్కకు జరిపి, "పదమ్మా" అంటూ లేచింది.