సుమ్నే ఒక నిమిషం

చక్రధర్ బోనెట్ ఎత్తి నూనె పుల్ల బయటికి లాగాడు. గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి చూశాడు. నూనె కింది గీతకు అంటీ అంటనట్టు ఉంది. పోయిన వారమే పై గీత దాకా పోశాడు.

మోకాళ్ళ మీద కూర్చుని కారు కిందికి తొంగి చూశాడు. నేల పొడిగా ఉంది. ఒక్క చుక్కైనా కారి ఉంటే బాగుండేది. కారితే తప్పు ఏ రబ్బరు వాషరుదో అవుతుంది.

డ్రైవరు హనుమంత మానేసి నెల దాటింది. డిక్కీలో నూనె డబ్బా ఊరికే ఖాళీ అవుతోందని కప్పగల్లు క్రాస్ టీ హోటల్లో అందరి ముందూ చక్రధరే అనేశాడు: "నా కారు నూనె నీ బైకు తాగుతాండాదేమప్పా?" అందరూ నవ్వారు. హనుమంత కారు తాళం బల్ల మీద పెట్టి, టీ ముట్టకుండా లేచిపోయాడు.

నిజానికి ఆ కోపం నూనెది కాదు. యశ్వంతనగర్ గనుల నుంచి వచ్చినప్పుడల్లా హనుమంత ఇంజిను వెంటనే ఆపేవాడు కాదు. "సుమ్నే ఒక నిమిషం తిరగనీన్నా. ఇంజినుకు గాలి కొట్టే టర్బో కాలిపోతాంటాది. నూనె ఆడి చల్లబడాల" అనేవాడు. సుమ్నే అంటే ఊరికే. ఆ ఊరికే అన్నదే చక్రధర్‌కు గుచ్చుకునేది.

"సుమ్నే కూసోని ఏసీ గాలి మేస్తాండావు. లారీలు నడిపిన ఇల్లప్పా మాది!"

తను నడిపిన రోజుల్లో మాత్రం ఒకసారి గట్టిగా రేసిచ్చి తాళం తిప్పేసేవాడు. తండ్రి లారీని అట్లాగే ఆపేవాడు. ఆ చివరి మోత లేకుంటే బండి ఆగినట్టే ఉండేది కాదు.

నిన్న మెకానిక్ పక్కీరప్ప వెనక గొట్టంలోని నీలం పొగ చూపించాడు. "టర్బో సీలు పోయిందన్నా. నూనె లోపలే కాలి పొగైపోతాంది. వేడి మీద రేసిచ్చి ఆపుతాండారా?"

"డ్రైవరు ఆపేవాడు" అన్నాడు చక్రధర్.

"లారీ బుద్ధి డ్రైవరు దొరికినాడన్నమాట!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వే రాత్రంతా అతన్ని నిద్రపోనివ్వలేదు.

పై గీత దాటకుండా నూనె పోసి, బోనెట్ మూసి, కప్పగల్లు బయలుదేరాడు. అక్కడ హనుమంత తన ఇంటి ముందు బైకు తుడుస్తున్నాడు. కారు నిలిపేసరికి చక్రధర్ కాలు అలవాటుగా యాక్సిలరేటరు మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాడు. ఇంజిను మెల్లగా తిరుగుతోంది.

హనుమంత అద్దం దగ్గరికొచ్చాడు. "ఏందన్నా, ఏసీ గాలి బాగుండాదా?"

"నూనె నువ్వు ముట్టలేదు హనుమంతూ. నేనే తగలేసినా."

"నాకు తెల్దా? ఆ పొద్దు హోటల్లో నవ్వినోళ్ళకు చెప్పు."

"నువ్వూ రాప్పా."

"నేనెందుకు? అనేటప్పుడు నువ్వొక్కడివే అన్యావు గదా."

క్రాస్ దగ్గర హోటలు నిండుగా ఉంది. చక్రధర్‌ను చూసి ఎవరో బెంచీ మీద జరిగి చోటిచ్చారు. అతను ఇంజిను ఆపకుండా కారులోనే కూర్చున్నాడు. వచ్చింది కొద్ది దూరమే. ఇంజిను అంతగా వేడెక్కనే లేదు. అయినా ఆ నిమిషం అయిపోకుండా ఉంటే బాగుండునని అనిపించింది.

అయిపోయింది. తాళం తిప్పి, దిగాడు.