ఎత్తి పట్టుకున్న గొట్టం

నర్మద ఏడవలేదు. అత్తగారు పోయిన రోజూ ఏడవలేదు, పెద్దకర్మ నాడూ ఏడవలేదు. ఏడవకపోతే పోయె, నలుగురిలో కనీసం మొహమైనా అలా పెట్టుకోవాలి కదా, అదీ లేదు. వచ్చినవాళ్ళకి కాఫీలు అందించింది, చాపలు మడతపెట్టింది, షామియానా వాడికి ఫోన్ చేసి కుర్చీలు పట్టుకుపొమ్మంది. లోపల ఏమైనా ఉందా అని తనే వెతుక్కుంది. పళ్ళ డాక్టరు మత్తు ఇంజెక్షన్ చేశాక దవడ ఎలా ఉంటుందో మనసు అలా ఉంది. ఉందని తెలుస్తోంది, అంతే.

అత్తగారు సుబ్బులుగారికి పక్షవాతం వచ్చి మాటా పోయింది, మింగడమూ పోయింది. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. పెద్ద సిరంజి తీసుకుని, వెనక ఉండే పిస్టన్ పీకేసి, గొట్టానికి తగిలించి, ఎత్తి పట్టుకుని జావ పోయాలి. తొయ్యకూడదు. దానంతట అది దిగాలి. పూట పూటకీ ఆ పని నర్మదదే. నర్మద భర్త ధర్మారావుకి, కన్నకొడుకే అయినా, చూస్తేనే కళ్ళు తిరిగేవి. కూతురు అంబర్‌పేట నుంచి పండక్కీ పబ్బానికీ వచ్చి, మంచం పక్కన కూర్చుని ఫోటో తీయించుకుని వెళ్ళేది.

ఆ కూతురే, అంటే నర్మద ఆడపడుచు, పెద్దకర్మ నాడు విస్తళ్ళు ఎత్తకముందే అందరి ముందూ అనేసింది. "మా అమ్మకి తిండి లోటు చేశావని అనను వదినా. కానీ కుండీలో మొక్కకి పోసినట్టు పోశావు. ఒక్కనాడు నోరు తెరిచి పలకరించిన పాపాన పోలేదు."

ధర్మారావు తలెత్తకుండా అన్నంలో మజ్జిగ కలుపుకున్నాడు. మహానుభావుడు, ఆ పూట ఆయనకి మజ్జిగే ముఖ్యం.

నర్మదకి కోపం రావాలి. రాలేదు. భయం మాత్రం పట్టుకుంది. ఎంత గుర్తు చేసుకున్నా గోడ గడియారం గుర్తొస్తోంది, జావ వేడి చూసుకోవడం గుర్తొస్తోంది, తన గొంతు మాత్రం గుర్తు రావడం లేదు. ఒకే వంటింట్లో అత్తాకోడళ్ళు ఏళ్ళ తరబడి సూటిపోటి మాటలతోనే కాలక్షేపం చేశారు. ఆవిడకి మాట పడిపోయాక తనూ మూగనోము పట్టిందా? మంచాన ఉన్న మనిషికి నిజంగానే మొక్కకి పోసినట్టు పోసిందా? అదే నిజమైతే తనేం మనిషి? అవునో కాదో చెప్పగలిగింది ఒక్క అత్తగారే. ఆవిడ కాస్తా పోయింది.

ఇదివరకు నర్మద ఆదివారాలు చిక్కడపల్లిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లల చేత సైన్సు బొమ్మలు చేయించేది. కొబ్బరి చిప్పలతో త్రాసు, చీపురు పుల్లలతో వంతెన, అలాంటివి. ఏదీ కొనకూడదు, ఇంట్లో ఉన్న వాటితోనే చెయ్యాలి. ఉన్న రూలల్లా అదే. అత్తగారు మంచాన పడ్డాక మానేసింది. "మళ్ళీ మొదలుపెట్టు, కాస్త మనుషుల్లో పడతావు" అన్నాడు ధర్మారావు. వద్దనడానికి కూడా ఓపిక లేక సరే అంది.

మరి ఇంట్లో ఉన్నవి ఏమిటి? అల్మారా తెరిస్తే సిరంజిలు, గొట్టాలు. నారాయణగూడ మందుల షాపు నుంచి డబ్బాలకొద్దీ తెచ్చి పెట్టుకున్నవి, కవరు కూడా విప్పనివి. వాటినే సంచిలో వేసుకుంది. అశోక్‌నగర్ సందుల్లో జిరాక్స్ షాపుల ముందు గుంపులు కట్టిన హాస్టల్ కుర్రాళ్ళని తప్పించుకుంటూ నడిచింది. ఎండ ఉందో లేదో కూడా పట్టించుకోలేదు.

పిల్లలు అట్టముక్కలు, ఐస్‌క్రీమ్ పుల్లలు తెచ్చుకున్నారు. వాటితో క్రేన్ చెయ్యాలి. "ఈ చివర సిరంజి నొక్కితే గొట్టంలో నీళ్ళు ఆ చివర సిరంజిని తోస్తాయి, క్రేన్ చెయ్యి లేస్తుంది" అని చెప్పింది నర్మద. "మధ్యలో గాలి బుడగ ఉంటే మాత్రం సరిగ్గా లేవదు. ముందు గొట్టం నింపాలి. నేను చేసినట్టే చెయ్యండి."

చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పిస్టన్ పీకాయి, గొట్టం తగిలించాయి, గ్లాసుతో నీళ్ళు పోసి సిరంజిని ఎత్తి పట్టుకున్నాయి. నర్మద ఎదురుగా గోడ వైపు చూస్తూ నిలబడింది. ఆఖరి చుక్క దిగబోయే ముందు గొట్టం మడిచి నొక్కింది, కొస కొంగుతో తుడిచింది, బల్ల మీద పెట్టింది.

"మేడం, పిస్టన్‌తో నీళ్ళు లాగితే చటుక్కున నిండుతుంది కదా, ఎందుకు తీసేశారు?" అంది సింధూర. ఆ పిల్ల దేన్నీ వదలదు.

నర్మద తన చేతుల వంక చూసుకుంది. క్రేన్‌కి అలా నింపరు. పొరపాటయింది, పిస్టన్ తియ్యక్కర్లేదు అని చెప్పబోయి తలెత్తింది. అప్పటికే పిల్లలందరూ సిరంజిలు ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ తొయ్యడం లేదు. నీళ్ళు దిగడమే చూస్తున్నారు.

ముందు వరుసలో భాను, సందు మొదట్లో టీ బండి నడిపే రాములు కూతురు, అందరికంటే ముందు ముగించింది. గొట్టం మడిచి నొక్కింది, కొస గౌను అంచుతో తుడిచింది. తర్వాత తన అట్టముక్క మీదికి వంగి, దాని నెత్తిన చెయ్యి వేసి నిమిరి, మెల్లగా అంది. "అయిపోయింది అత్తయ్యా. కాసేపు ఇలాగే కూర్చోండి. మళ్ళీ వస్తాగా."

నర్మద చప్పున భాను వైపు తిరిగింది. "ఏమన్నావ్?"

"మీరన్నట్టే అన్న మేడం."

"నేనా? ఎప్పుడు?"

"ఇప్పుడే. నీళ్ళు అయిపోంగనే అన్నరు కదా, మెల్లగ. బల్ల మీద చెయ్యి కూడ గిట్ల రాసిండ్రు." భాను మొహంలో కంగారు కనిపించింది. "గట్ల అనకుంటే బుడగ వస్తదేమోనని నేను కూడ అన్న. తప్పా మేడం?"

"అన్నారు మేడం, నేనూ విన్నాను" అంది సింధూర.

నర్మద స్టూలు లాక్కుని కూర్చుంది. దవడలో మత్తు దిగిపోయేటప్పుడు మొదట తెలిసేది నొప్పే. ఆమెకి నొప్పి తెలిసింది. "తప్పేం లేదమ్మా. ఇంకోసారి అను" అంది.

భాను ఇంకోసారి అంది. అదీ పాఠంలో భాగమే అనుకుని మిగతా పిల్లలూ మొదలుపెట్టారు. ఎవరి అట్టముక్క నెత్తిన వాళ్ళు చెయ్యి వేసి, అయిపోయింది అత్తయ్యా, అయిపోయింది అత్తయ్యా అంటూంటే సెల్లారంతా గుసగుసలాడింది. నర్మద కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వింది. కొంగు తడిసింది.

సింధూర ఒక్కతే అనకుండా నిలబడింది. "మేడం, అలా అనకపోయినా బుడగ రాదు కదా?"

"రాదు" అంది నర్మద, ముక్కు తుడుచుకుంటూ. "అయినా అను."