గాలి పాఠం

కిటికీలు తెరవందే ఆమె పాఠం మొదలుపెట్టదు. తుప్పుపట్టిన గడియను అరచేత్తో కొట్టి ఆఖరి కిటికీ కూడా తెరిచి, బయటి కాగితపు గుజ్జు కంపును గదిలోకి రానిచ్చి, అప్పుడు వెనక్కి తిరిగింది. కాంట్రాక్టులో కొత్తగా చేరిన మనుషులు బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు.

పేపరు మిల్లులో అందరూ ఆమెను టీచరమ్మ అంటారు. ఆమె ఏ బడిలోనూ పని చెయ్యలేదు. పొట్టి మనిషి. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది. రికార్డు గదిలో ఏళ్ల తరబడి ఫైళ్ల కట్టలు మోసిన భుజం అది. గొంతు మాత్రం మిషన్ల హోరును దాటి వినిపిస్తుంది.

"ముక్కుతో మొదలుపెడదాం," అంది. "మురుగు గొయ్యి మూత తియ్యగానే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. కాసేపటికి ఆ కంపు పోతుంది. పోయిందంటే ఏమిటి?"

"గ్యాసు పోయినట్టు," అన్నాడు ముందు బెంచీలోని బక్కపలచటి మనిషి.

"కాదయ్యా. నీ ముక్కు పోయినట్టు. గ్యాసు అక్కడే ఉంది. ముందు ముక్కు చస్తుంది, ఆ తర్వాత వంతు నీది."

నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు.

"నీళ్లలో మనిషి మునుగుతుంటే మనిషితోపాటు నీళ్లూ కనబడతాయి. ఈత రానివాడు దూకడు. గొయ్యిలో అలా కాదు. పడ్డవాడు కనబడతాడు, వాణ్ణి పడగొట్టింది కనబడదు. అందుకే రెండోవాడు దిగుతాడు. నా మొగుడు రెండోవాడు."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు మారదు. చెప్పీ చెప్పీ అరిగిపోయింది.

ఆమె భర్త ఈ మిల్లులోనే ఫిట్టరు. ఆయన పోయినప్పుడు ఒక ఆఫీసరు ఇంటికొచ్చి, కూర్చోకుండానే, నోరు తిరగని మాటలు నాలుగు చెప్పి వెళ్లాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరో తోసేశారనుకుంది. తాగి దిగాడేమోనని కూడా అనుకుంది, అనుకున్నందుకు తనను తాను తిట్టుకుంది. భర్త ఉద్యోగానికి బదులు మిల్లు వాళ్లు రికార్డు గదిలో పని ఇస్తే, అక్కడికొచ్చిన ప్రతివాణ్ణీ అదే అడిగింది: అసలు ఎలా పోయాడు? చివరికి పంపు హౌసులోని ఒక ముసలాయన మెట్ల మీద కూర్చోబెట్టి, నీళ్లూ గాలీ పోలిక చెప్పాడు. అప్పుడు గాని ఆమెకు ఏడుపు రాలేదు. చావును అర్థమయ్యేట్టు చెప్పకపోవడం చచ్చినవాణ్ణి ఇంకోసారి చంపడమేనని ఆమెకు ఆ రోజు తెలిసింది. ఆ కోపంతోనే పాఠం నేర్చుకుంది. ఆ కోపంతోనే చెప్పింది; కొత్తవాళ్లకు చెప్పే పని మిల్లు వాళ్లూ ఆమెకే అప్పగించారు. ఇంట్లో కూతురు వెక్కిరించేది: "కూరలో ఉప్పు తక్కువైందంటే చాలు, మా అమ్మ ఉప్పు పుట్టుపూర్వోత్తరాలు చెప్పి గాని వెయ్యదు."

"ఒక మాటమ్మా." వెనక బెంచీలోంచి ఒక నడివయసు మనిషి లేచాడు. "మొన్న ఆ అబ్బాయి దిగి తాడు కట్టబట్టే గదా, వాళ్ల బావ బతికింది?"

గదిలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. మొన్న మిల్లు చివరి గొయ్యిలో పంపుకు అడ్డుపడ్డ చెత్త తియ్యడానికి బావ దిగి, అక్కడే కూలిపోయాడు. పైనున్న బామ్మర్ది ఊపిరి బిగబట్టి నిచ్చెన దిగాడు. బావ చంకల కింద తాడు కట్టాడు. పైవాళ్లు లాగేశారు. మళ్లీ తాడు వదిలేసరికి, దాన్ని అందుకోవడానికి కింద చెయ్యి లేదు. బావ ఆస్పత్రిలో కళ్లు తెరిచాడు. బామ్మర్దిని నిన్ననే కాటికి సాగనంపారు. ఆ అబ్బాయి ఈ గదిలోనే పాఠం విన్నవాడు. పక్కవాడికి అర్థం కాకపోతే ఆమె కంటే బాగా విప్పి చెప్పినవాడు.

"గొయ్యి దగ్గర ఫ్యాను తిరుగుతుంటే ఇద్దరూ బతికేవాళ్లు. కూర్చో," అంది. ఆ మాట అతని ప్రశ్నకు జవాబు కాదని ఆమెకూ తెలుసు.

గొయ్యి లోపలికి మంచి గాలి తోసే పెద్ద ఫ్యాను మిల్లులో ఒక్కటే ఉంది. అది ఎప్పుడు చూసినా ఇంకోచోట ఉంటుంది. ప్రతి గొయ్యికీ ఒకటి కావాలని ఆమె అడగని ఆఫీసరు లేడు. "మీరింత బాగా చెప్తుంటే మాకేం భయం టీచరమ్మా," అనేవాళ్లు. ఆ మాటను మెప్పు అనుకుని ఇంటికి మోసుకెళ్లేది.

మధ్యాహ్నం భోజనం ముగియకముందే మేనేజరు గదికి పిలిచారు. చల్లటి గది, కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. బల్లకు అటువైపు విచారణకు వచ్చినవాళ్లు, ఇటువైపు ఆమెకో కుర్చీ. మిల్లు ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరే మాట కలిపాడు. మెత్తటి మనిషి.

"ఆ అబ్బాయికి మీరు పాఠం చెప్పారా?"

"చెప్పాను."

"అర్థమయ్యేట్టు చెప్పారా?"

ఆమెకు చురుక్కుమంది. "నేను చెప్తే అర్థం కాకపోవడం ఉండదండీ."

"అంటే, పడ్డవాడి కోసం దిగకూడదని అతనికి తెలుసు."

"తెలుసు."

"తెలిసే దిగాడు." ఆయన పక్కవాళ్ల వైపు చూశాడు. "చాలా స్పష్టంగా చెప్పారు. థాంక్స్ అమ్మా."

తన నోటితోనే ఆ అబ్బాయి మీద మట్టి పోసినట్టు ఆమెకు అర్థమయ్యేసరికి ఆయన నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్లూ పాఠం చెప్పి మనుషుల్ని కాపాడుతున్నాననుకుంది. చచ్చినవాడిదే తప్పని చెప్పుకోవడానికి వీళ్లకు సాక్ష్యం తయారుచేసి పెట్టింది.

"కూర్చోండి," అంది. ఆయన కూర్చోలేదు. "ఫ్యాను ఏదని అడగరేం?"

"అది వేరే విషయమమ్మా. సమయం వచ్చినప్పుడు మాట్లాడదాం."

"అదొక్కటే విషయం! ఫ్యాను పెట్టాల్సిన చోట నన్ను పెట్టారు. గాలి కొట్టాల్సిన చోట నాతో మాటలు కొట్టించారు. కళ్ల ముందు బావ పడిపోతే ఆ పిల్లాడేం చెయ్యాలి? నా పాఠం అప్పజెప్పుకుంటూ గట్టు మీద నిలబడాలా? మీరైతే నిలబడతారా?"

ఒకాయన గ్లాసులోని నీళ్ల వైపు చూశాడు. పర్సనెల్ ఆఫీసరు తలుపు తీసి పట్టుకుని, "మీరు అలిసిపోయారు. ఈ పూట ఇంటికెళ్లి రెస్టు తీసుకోండి," అన్నాడు. ఆ మాటలో కూడా కోపం లేదు. ఆమెకు అదే ఎక్కువ మండింది. గోడకు తల కొట్టుకుంటే కనీసం చప్పుడన్నా వస్తుంది.

ఆమె ఇంటికి వెళ్లలేదు. శిక్షణ గదికే వచ్చింది. మధ్యాహ్నం బ్యాచి కూర్చుని ఉంది, తలుపు దగ్గర పొద్దుటి ప్రశ్న అడిగిన నడివయసు మనిషి కూడా నిలబడి ఉన్నాడు. మూసి ఉన్న కిటికీలు తెరవకుండానే మొదలుపెట్టింది.

"వినండి. ఫ్యాను తిరగకపోతే దిగొద్దు. ఎవడు చెప్పినా దిగొద్దు. అందరూ ఒక్క మాట మీద ఉండి, దిగం అనండి. ఒక్కడే అంటే గెంటేస్తారు. పాఠం ఇంతే." ఆ తర్వాత నడివయసు మనిషి వైపు తిరిగింది. "నువ్వన్నది నిజమే. అతను దిగబట్టే బావ బతికాడు. అతను దిగాల్సిన గతి పట్టించినవాళ్లది తప్పు. పొద్దున నీకు చెప్పలేకపోయాను."

అతను తల ఊపాడు. "రేపొచ్చే వాళ్లకి కూడా ఇదే చెప్తారా టీచరమ్మా?"

"రేపు నేను రాను," అంది. అనేదాకా ఆ సంగతి ఆమెకే తెలియదు. "నువ్వు చెప్పు. నీకు నోరుందిగా."

గది తాళంచెవి అతని చేతిలో పెట్టి బయటికి నడిచింది. గేటు దారిలో కాకుండా మిల్లు వెనక నుంచి వెళ్లింది. చివరి గొయ్యి చుట్టూ తాడు కట్టి, కాపలాకు ఒక వాచ్‌మన్‌ను నిలబెట్టారు. పోలీసులు ఇంకోసారి వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దన్నారట. గొయ్యి మూత వెయ్యలేదు. కుళ్లిన కంపు గుప్పుమని కొట్టింది. ఆమె కదల్లేదు.

వాచ్‌మన్ గట్టు వైపు చూపించాడు. "అది ఆ అబ్బాయిదేనమ్మా. అందరూ అరుస్తుంటే, తీసి, చొక్కా అంచుతో తుడిచి, అక్కడ పెట్టి మరీ దిగాడంట."

సిమెంటు గట్టు మీద, ఎవరి కాలూ తగలని మూలగా, కాడలు ముడిచిన కళ్లజోడు ఒకటి, అద్దాలు గీసుకోకుండా వెల్లకిలా పెట్టి ఉంది.